లంగరు గ్రౌండ్ చరిత్రలో ఒక వాక్యం

గోపాలపట్నం,
8 జూన్ 2025, ఆదివారం.

తమ్ముడు ఐజాక్‌కు,

దేవుని కృప నీ మీద, కేథరిన్ మీద, స్టెఫీ మీద ఉండాలని అడుగుతూ అక్క రాసేది.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని అంటావు. ఫోనులో నన్ను నవ్వించి తప్పించుకుంటావు. కాగితం మీద అది కొంచెం కష్టం.

లంగరు గ్రౌండ్‌ను కొత్త ఫుట్‌బాల్ క్లబ్బు తీసుకుంది. ఆటగాళ్ళకు జీతాలిచ్చి ఆడించే క్లబ్బు. నవంబరులో మొదటి మ్యాచి. ఆఫీసులో మోహనకృష్ణగారని ఒకాయన ఉన్నారు. లోపలికి వెళ్ళే దారిలో గోడ పొడుగునా గ్రౌండ్ చరిత్ర రాయిస్తున్నారు. నేను ముందుగానే రిటైరైన తెలుగు టీచరుననీ, ఆ గ్రౌండ్‌లోనే పెరిగాననీ ఎవరో చెప్పారట. పిలిచి చిత్తుప్రతి చేతిలో పెట్టారు. తప్పులు దిద్దమన్నారు.

చిన్నచిన్నవి దిద్దాను. ఒక్క వాక్యం దగ్గర పెన్ను ఆగిపోయింది. అది ఇది.

"1996 ఫైనల్ మ్యాచి, గ్రౌండ్‌మన్ దేవకుమార్ మద్యం మత్తులో గీతలు తప్పుగా వేసినందువల్ల రద్దయింది."

నాన్న సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. చర్చిలో ప్రభురాత్రి భోజనానికి ద్రాక్షరసం గిన్నె పెదవికి తాకించి వెనక్కిచ్చే మనిషి.

ఆ మాటే మోహనకృష్ణగారితో అన్నాను. మర్యాదస్తుడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి విన్నారు. "పాత కమిటీ రికార్డులో ఇలాగే ఉంది మేడమ్. రాతకి రాత కావాలి. ఆ రోజు అక్కడున్నవాళ్ళు జరిగింది ఇదీ అని సంతకం పెట్టి ఇస్తే నేనే మార్పిస్తాను. అక్టోబరు పదికల్లా గోడ మీదకి ఎక్కిపోతుంది" అన్నారు.

ఆ ఉదయం నాన్న దగ్గరున్నది నువ్వు. జరిగింది రాసి పంపు. ఒక పేజీ చాలు.

అక్క,
ప్రేమలీల.


కోజికోడ్,
21 జూన్.

అక్కకు,

నీ ఉత్తరం పోస్ట్‌మన్ చేతిలోంచి కేథరిన్ అందుకుంది. కవరు మీద నీ దస్తూరీ చూసి, "మీ అక్క ఉత్తరం రాసిందంటే ఎవరో పోయారేమో, మీరే విప్పండి" అని నాకిచ్చి పక్కన నిలబడింది. ఎవరూ పోలేదని చెప్పాక కూడా కాసేపు నిలబడింది.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. నా గడ్డి నాకంటే బలంగా ఉంది. స్టెఫీ బడిలో "మా నాన్న స్టేడియంలో హెడ్ గ్రౌండ్స్‌మన్" అని గొప్పలు చెబుతుంది. ఇంటికొచ్చి, "గేదె మేసినా సరిపోయే పనికి నీకు జీతమెందుకిస్తారు నాన్నా" అంటుంది. పెందుర్తి రక్తం, వాళ్ళమ్మ పోలిక.

గోడ మీద చరిత్ర రాసేవాళ్ళకి ఇవి చెప్పు. ఏ రికార్డులోనూ దొరకవు.

ఆ నేల నేల కాదు. ఓడల కాలువ తవ్వినప్పుడు వచ్చిన ఇసుక, బురద తెచ్చి ఉప్పునీళ్ళ బాడవ పూడ్చి చేసింది. నాన్న పార వేస్తే జానెడు లోతులో గవ్వలు వచ్చేవి. "ఇది సముద్రం అడుగునుండాల్సిన నేలరా, మనకి అరువొచ్చింది" అనేవారు. కింద అంతా ఇసుక కాబట్టి నీరు నిలవదు. ఊళ్ళో అన్ని గ్రౌండ్లూ చెరువులైన రోజున కూడా మన దగ్గర గంటలో ఆట మొదలయ్యేది. పైగా నడిమి భాగం చేపవీపులా కొంచెం ఎత్తు. తూర్పు గ్యాలరీలో కింది మెట్టు మీద కూర్చుంటే అవతలి వైపు ఆటగాళ్ళు మోకాళ్ళ నుంచి పైకే కనిపించేవాళ్ళు. కాళ్ళు లేకుండా పరిగెడుతున్నట్టుండేది.

పడమటి స్టాండు కప్పు, విరగ్గొట్టిన ఓడల రేకులు. నాలుగు దాటాక రేవు వైపు నుంచి గాలి మొదలైతే ఉత్తరం వైపు కార్నర్ కిక్కు ఎవరు కొట్టినా బంతి గోలు మీదకి వంగేది. మన ఊరి జట్లు టాస్ గెలిస్తే రెండో సగంలో ఆ వైపు దాడి చేసేలా కోరుకునేవి. బయటి జట్లకి ఎందుకో అర్థమయ్యేది కాదు.

స్కోరుబోర్డు గుర్తుందా? ఓడ సరుకుగది మూత చెక్కలు. అంకెలు ఏడు దాకానే చేయించారు, అంతకన్నా ఎవడు కొడతాడని. ఉక్కు నగరం జట్టు ఎనిమిదోది కొట్టిన రోజు నాన్న ఏడు పక్కన ఒకటి తగిలించారు. జనం డెబ్బై ఒకటి అని ఈలలు.

ఆ తూర్పు గ్యాలరీ కింద మన రెండు గదులు. మెట్ల కింద ఇల్లు కాబట్టి కప్పు కూడా తలకిందుల మెట్లే. గోలు పడితే పైన వెయ్యి జతల కాళ్ళు. నువ్వు పరుగెత్తుకెళ్ళి చారు గిన్నె మీద మూత పెట్టేదానివి, సున్నం పెళ్ళలు పడకుండా. మూత వేసే చప్పుడు బట్టి నాన్న లోపలికి చూడకుండానే, "ప్రేమా, ఎవులు కొట్టినారు?" అనేవారు. పైన అరుపులు బట్టి నువ్వు చెప్పేసేదానివి.

ఇవన్నీ రాయించు. బాగుంటుంది.

ఆ ఉదయం సంగతంటావా, పదిహేడేళ్ళవాణ్ణి. పెద్దగా గుర్తు లేదు.

నీ తమ్ముడు,
ఐజాక్.


గోపాలపట్నం,
6 జులై.

ఐజాక్‌కు,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. డెబ్బై ఒకటి దగ్గర ఆయన టీ ఒలకబోసుకున్నారు. స్కోరుబోర్డు, గవ్వల సంగతులు మోహనకృష్ణగారికి ఇచ్చాను. చాలా సంతోషించారు.

నేను అడిగింది మాత్రం నీ ఉత్తరంలో లేదు.

శుక్రవారం గ్రౌండ్‌కి వెళ్ళాను. ఇరవై తొమ్మిదేళ్ళ తరవాత లోపల అడుగు పెట్టాను. పడమటి కప్పు తుఫానులో పోయిందట, ఇప్పుడు తెల్లని కొత్త కప్పు. మెట్ల మీద నీలం కుర్చీలు, పన్నెండు వేలు. నాలుగు మూలలా దీపస్తంభాలు. గడ్డిలోంచి నీటి గొట్టాలు వాటంతటవే లేచి, తడిపి, మళ్ళీ లోపలికి పోతున్నాయి. నువ్వుంటే బాగా చూసేవాడివి. తూర్పు గ్యాలరీ రాతి మెట్లు మాత్రం కదిలించలేదు. మన ముందుగది ఆటగాళ్ళ కాళ్ళు పట్టే డాక్టరుది. వంటింట్లో పెద్ద తొట్టి పెట్టారు. ఆడి వచ్చినవాళ్ళు మంచునీళ్ళలో కూర్చుంటారట. పొయ్యి ఉన్న చోటే.

మూడో గేటు దగ్గర సన్యాసమ్మ ఇంకా బఠాణీలు అమ్ముతోంది. నన్ను చూసి లేచింది.

"ఏటి ప్రేమమ్మా, ఇన్నేళ్ళకి దారి తెలిసిందేటి?"

సంగతి చెప్పాను. బుట్ట పక్కన పెట్టేసింది.

"మీ బాబు తాగినోడా? నానిచ్చిన టీలో సక్కెర ఎక్కువైతేనే తిప్పి ఇచ్చీసేవోడు. ఆ పొద్దు జొరమమ్మా. కళ్ళు నిప్పుల్లాగున్నాయి, గోడట్టుకుని ఊగిపోతన్నాడు. అది సూసి తాగినాడనీసినారు. నాను సెప్తే ఎవులింటారు, గింజలమ్ముకునేదాన్ని."

"ఇప్పుడు వేలిముద్ర వేసి చెబుతావా పిన్నీ?"

"ఏత్తాను. పది వేళ్ళ ముద్దరలూ ఏత్తాను. కానీ నానున్నది గేటు బయట గదా." బుట్ట మళ్ళీ దగ్గరికి లాక్కుని, "నిలబడ్నేనోడు అన్ని గీతలెలా ఏసినాడో మరి. అది లోపలున్నోళ్ళకి తెలవాల" అంది.

ఆమె అన్నది అన్నట్టు రాశాను. మోహనకృష్ణగారు ఆ వేలిముద్ర తీసుకున్నారు. జ్వరం సరే, గీతలు వేసిందెవరు అన్నదానికి జవాబు కావాలన్నారు.

నీ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను. ఎప్పుడూ చేసేదే. ఈ నెల కొంచెం ఎక్కువ.

అక్క.


కోజికోడ్,
2 ఆగస్టు.

అక్కకు,

ఆలస్యమైంది. మ్యాచులు దగ్గరపడుతున్నాయి.

ఆ నీటి గొట్టాలు తెల్లవారకముందే వదలమని వాళ్ళకి చెప్పు. ఎండెక్కాక తడిపితే గడ్డికి తెగులు. రేవు గాలిలో ఉప్పు ఉంటుంది, వారానికోసారి మంచినీళ్ళతో బాగా కడగాలి. బొగ్గు దుమ్ము కూడా ఆకు మీద కూర్చుంటుంది. మన నాన్న చేత్తో వేసిన గరిక ఎండబెట్టి పీకేసి ఉంటారు, కానీ ఒకటి చెబుతాను, ఆ ఉప్పుకి గరికను మించింది లేదు.

నాకో మంచి కబురు. లీగ్ ఆడే స్టేడియాలన్నీ తిరిగి మైదానాలు తనిఖీ చేసే బృందానికి నా పేరు అనుకుంటున్నారు. సెప్టెంబరులో ఖాయం చేస్తారు. గీతలు, కొలతలు, వాలు, అన్నీ చూసి సంతకం పెట్టే పని. సున్నం డబ్బా పట్టుకున్న కుటుంబంలోంచి వెళ్ళే మొదటివాణ్ణి. ప్రార్థనలో పెట్టు.

నువ్వడిగిన దాని గురించి. కొన్ని సంగతులు నాన్నే వద్దన్నారు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన మాట దాటలేదు, పోయాక దాటనా? ఆయనే ఊరుకున్నప్పుడు మనమెందుకు కదపడం? ఆ వాక్యం మొత్తంగా తీసెయ్యమను. అసలు ఆ ఫైనల్ ఊసే లేకపోతే ఎవరికి నష్టం?

బావని అడిగానని చెప్పు.

ఐజాక్.


గోపాలపట్నం,
10 ఆగస్టు.

ఐజాక్‌కు,

నీ పేరు ప్రార్థనలో పెట్టాను. సంఘమంతా ఆమేన్ అన్నది.

ఆ ఫైనల్‌ను తీసెయ్యరు. రద్దయిన ఫైనల్ అదొక్కటే కాబట్టి చదివేవాళ్ళకి సరదాగా ఉంటుందట. మోహనకృష్ణగారు కాదు, పైనెవరో అన్నారు.

పనిలోంచి తీసేశాక నాన్న పన్నెండేళ్ళు బతికారు. పూర్ణా మార్కెట్ దగ్గర గోడౌన్‌కి కాపలా ఉండేవారు. నువ్వు దూరాన ఉన్నావు, చూడలేదు. సాయంత్రం ఇంటికి వచ్చే దారి కాకపోయినా గ్రౌండ్ చుట్టూ తిరిగి వచ్చేవారు. మూడో గేటు సందులోంచి గడ్డి చూసేవారు. ఒకరోజు నేను వెంట ఉన్నాను. ఎవరో తండ్రి తన కొడుక్కి చూపిస్తూ, "అదిగో, తాగి గీతలేసినోడు ఆయనే" అన్నాడు. నాన్న వినపడనట్టు నడిచారు. ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూ, "గడ్డికి నీళ్ళు సాలట్లేదమ్మా" అన్నారు. అంతే.

నాన్న వద్దన్నది నీ మేలు కోసం. ఆ మేలు జరిగింది, దేవునికి స్తోత్రం. ఇంకా ఆ మాట కాపలా కాయాల్సిన పని లేదు.

చిత్తుప్రతి నకలు ఇందులో పెట్టాను. ఆ వాక్యం నీ కళ్ళతో ఒకసారి చూడు. బలవంతం చెయ్యను.

అక్క.


కోజికోడ్,
7 సెప్టెంబరు.

అక్కకు,

నకలు మడిచి బీరువాలో పెట్టాను. చదివాను, పెట్టేశాను. నెల గడిచింది.

మొన్న గురువారం కేథరిన్ బీరువా సర్దుతూ అది చూసింది. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ మెల్లగా అడిగింది. "మామయ్యగారికి ఆ అలవాటుండేదా? మా పెందుర్తిలో ఎవరో అంటే పెళ్ళికి ముందే విన్నాను. మీకు బాధని ఎప్పుడూ అడగలేదు."

పంతొమ్మిదేళ్ళ కాపురం, అక్కా. నేను చెప్పనందుకు నా భార్య నాన్నని తాగుబోతు అనుకుంది, అనుకుని కూడా ఆయన ఫొటోకి దుమ్ము తుడుస్తూ వచ్చింది. స్టెఫీ అక్కడే కూర్చుని ఉంది. కంచం పక్కకి జరిపి ఇద్దరికీ చెప్పేశాను.

జరిగింది ఇదీ.

ఆదివారం ఫైనల్. ముందు వారం వానలకి పాత గీతలన్నీ చెరిగిపోయాయి, మళ్ళీ మొదటినుంచి కొలిచి వెయ్యాలి. పొద్దున్నే నాన్నకి జ్వరం కాగిపోతోంది. లేవబోయి కూలబడ్డారు. "నాను లెగుస్తాను, అద్దగంటాగు" అన్నారు. మళ్ళీ కళ్ళు మూతపడ్డాయి. నేను కొలత తాడు, సున్నం డబ్బా తీసుకుని వెళ్ళిపోయాను. ఆయనతో పదేళ్ళ నుంచి తాడు రెండో కొస పట్టుకున్నవాణ్ణి, నాకు రాదా అనుకున్నాను. గోలు గీత నుంచి తాడుకి కట్టిన ఎర్రగుడ్డ ముడి దాకా పెనాల్టీ బిందువు. పదకొండు మీటర్లు. నాన్న ఎప్పుడూ తాడుతో వేసి, ఆ తరవాత ఇనుప టేపుతో సరిచూసేవారు. నేను చూడలేదు. తొందర. ఎందుకంటే నాకు మధ్యాహ్నం ఆట ఉంది.

అసలు సంగతి అదే. ఆ ఫైనల్లో ఆడే రేవు కుర్రాళ్ళ జట్టులో పదిహేనో పేరు నాది. ఆడే జట్టువాడు సున్నం డబ్బా ముట్టకూడదని కమిటీ నియమం.

చివరి నిమిషాల్లో మాకే పెనాల్టీ వచ్చింది, మావాడు కొట్టాడు, గెలిచాం. ఓడినవాళ్ళు బిందువు దగ్గరగా ఉందని గొడవ చేసి టేపు తెప్పించారు. పది మీటర్ల అరవై. నలభై సెంటీమీటర్లు తక్కువ. నాన్న గోడ పట్టుకుని వచ్చి నిలబడ్డారు. ఎవరు వేశారని అడిగితే "నానే" అన్నారు. తాగావా అని అడిగితే ఏమీ అనలేదు. జ్వరం అని ఒక్క మాట అంటే, మరి గీతలెవరేశారని అడుగుతారు కదా. నేనని తెలిస్తే కావాలనే దగ్గరగా వేశాడంటారు. జట్టంతా పోతుంది, నేను జీవితంలో బంతి ముట్టను.

ఆ సాయంత్రం నన్ను పిలిచి చెప్పారు. "ఒరే, నువ్వా పొద్దు గ్రౌండ్లోకి రానేదు. పడుకున్నావు. నువ్వు లెగిసీసరికి పదయింది. తెలిసిందా?"

తెలిసిందన్నాను. అంతే, ఇరవై తొమ్మిదేళ్ళు పడుకునే ఉన్నాను.

ఎలా తప్పానో ఇప్పటికీ తెలియదు. ముడి దగ్గరే గుర్తు పెట్టాను. తాడు లాగి పట్టలేదేమో. వదులుగా ఉందేమో. ఎన్నిసార్లు తలుచుకున్నా చెయ్యి సరిగానే ఉన్నట్టనిపిస్తుంది, కొలత మాత్రం తక్కువ.

మోహనకృష్ణగారికి రాయాలంటే నా తనిఖీ పని గుర్తొస్తోంది. మైదానం గీతల మీద సంతకం పెట్టబోయేవాడు ఇది రాసి పంపాలి. నువ్వే చెప్పు ఏం చెయ్యనో.

ఐజాక్.


గోపాలపట్నం,
14 సెప్టెంబరు.

ఐజాక్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మోకరించాను. తరవాత ఇది రాస్తున్నాను.

నువ్వు తప్పలేదు. తాడు తగ్గింది.

ఆ శనివారం చర్చిలో పాడే క్వయర్ వాళ్ళ తెల్ల అంగీలు ఇరవై రెండు నా వంతు ఉతకడం. దండెం తీగ తెగిపోయింది. మధ్యాహ్నం మూడు. మర్నాడు పొద్దున్న ఆరాధన. వంటింటి పక్క నడవాలో నాన్న కొలత తాడు మేకుకి వేలాడుతోంది. ఓడల మనీలా తాడు, గట్టిది. అది ఎవరూ ముట్టకూడదని నాన్న మాట. నేను తీసి రెండు స్తంభాలకు కట్టి అంగీలు ఆరేశాను. ఇరవై రెండు తడి అంగీలు. సాయంత్రం జల్లు కూడా పడింది. తెల్లవారి తీసి, చుట్టి, ఎప్పటిలా మేకుకి తగిలించాను. నాన్నకి తెలియకూడదని.

తడిస్తే ఆ తాడు బిగిసి పొట్టిదవుతుందని నాకప్పుడు తెలియదు. అందుకే ముట్టవద్దన్నారని తెలియదు. నువ్వు ఆ తాడే తీసుకుని వెళ్ళావు.

కమిటీ వాళ్ళు వెళ్ళాక నాన్న తాడు చేతిలోకి తీసుకుని పొడుగునా చూశారు. అక్కడక్కడా అంగీలకు పెట్టిన నీలిమందు మరకలు. నన్ను అడిగారు.

"ప్రేమా, తాడు గాని తడిసిందేటమ్మా?"

"లేదు నాన్నా" అన్నాను.

నా చేతిగోళ్ళకి ఇంకా నీలిమందు ఉంది. ఆయన చూశారు. "సరే" అన్నారు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఆ పొద్దున్న నువ్వు తాడు తీసుకుని వెళ్ళడం నేను కిటికీలోంచి చూశాను కూడా. అంటే గీతలు వేసింది నువ్వేనని నాకు మొదటినుంచీ తెలుసు. తెలిసి, నీ నోటితో చెప్పించాలని మూడు నెలలు తిప్పాను. నువ్వు చెబితే నేను చెప్పక్కర్లేదనుకున్నాను. ఇది నీకంటే నా తప్పే పెద్దదని చెప్పడానికి కాదు. నువ్వు కనీసం నాన్న చెప్పిన మాట మీద ఉన్నావు. నేను నా అంతట నేనే ఒక అబద్ధం చెప్పి, ఆదివారం బడిలో పిల్లలకి పది ఆజ్ఞలు నేర్పుతూ వచ్చాను.

ఏం చెయ్యాలని అడిగావు. నువ్వేమీ రాయకు. రేపు నేనే రాసి తీసుకెళ్ళి ఇస్తాను. నీ పని ఖాయం కానీ.

నన్ను క్షమించు.

అక్క.


కోజికోడ్,
23 సెప్టెంబరు.

అక్కా,

నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. అది రాకముందే నేను మోహనకృష్ణగారికి రిజిస్టర్ పోస్టులో రాసి పంపేశాను. కేథరిన్ రాయించింది. పక్కన కూర్చుని, "జ్వరం అని రాశారా? రాయండి. ఎంత జ్వరమో కూడా రాయండి" అంటూ. తనిఖీ బృందం పెద్దాయనకి కూడా నేనే ఫోను చేసి చెప్పాను. విన్నాడు. ఈ ఏడాదికి వద్దు, వచ్చే ఏడు చూద్దామన్నాడు. అది మర్యాదగా కాదనడమో, నిజంగా వచ్చే ఏడో తెలియదు. ఫోను పెట్టేశాక ఆకలేసింది. రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఇప్పుడు నీ అంగీల సంగతి. చదివి ముందు కోపమొచ్చింది, అబద్ధమెందుకు. గ్రౌండ్‌కి వెళ్ళి రెండు చుట్లు నడిచాను. అప్పుడు నవ్వొచ్చింది. నేను కొలత తప్పానన్న భయంతో ఇన్నేళ్ళుగా ఏ గీతైనా మూడుసార్లు టేపు పట్టి కొలుస్తాను. ఇక్కడివాళ్ళు నా వెనకాల నన్ను టేపు ఐజాక్ అంటారు. ఆ పిచ్చి చూసే నన్ను హెడ్‌ని చేశారు. అంటే నీ ఇరవై రెండు అంగీలు నాకు ఉద్యోగమిచ్చాయి. పాడినవాళ్ళు ఒక్కరైనా శృతిలో పాడారా ఆ రోజు?

క్షమించమని రాశావు. అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు. నాకు తల దువ్వింది, అన్నం పెట్టింది, బంతికి కుట్లు వేసింది నువ్వు. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి చర్చి బట్టలు ఆరేసుకోవడానికి తాడు దొరక్క పడ్డ తిప్పలు నేను క్షమించాలా?

కానీ ఒక్కటి. నాన్నకి రెండూ తెలుసన్నమాట. మనిద్దరిలో ఎవరి మీద గట్టిగా అరిచినా ఆయనకి ఉద్యోగం మిగిలేది.

నువ్వు రాసింది ఇవ్వకు. నాది చాలు.

ఐజాక్.


గోపాలపట్నం,
5 అక్టోబరు.

ఐజాక్‌కు,

అప్పటికే ఇచ్చేశాను.

మోహనకృష్ణగారు పిలిచారు. బల్ల మీద నీ కాగితం ఒకవైపు, నాది ఒకవైపు, మధ్యలో సన్యాసమ్మ వేలిముద్ర.

"మేడమ్, అందరూ తప్పు మాది కాదని రాసిస్తారు. మీ ఇంట్లో నాది, నాదని లాక్కుంటున్నారు. నేను ఏది నమ్మాలి?"

"రెండూ నమ్మండి. తాడు తడిపింది నేను. గీత వేసింది వాడు. నింద మోసింది ఆయన" అన్నాను.

ఆయన రెండూ మళ్ళీ చదివారు. తరవాత రెండు కాగితాలూ పాత రికార్డులో ఆ పేజీకి కుట్టించారు, నా ఎదుటే. గోడ మీద వాక్యం నన్నే రాయమన్నారు. ఇలా రాశాను.

"1996 ఫైనల్, పెనాల్టీ బిందువు కొలత తగ్గినందువల్ల రద్దయింది. కొలిచిన తాడు తడిసి కుంచించుకుపోయింది."

మన పేర్లు కూడా ఉండాలా అని అడిగారు. మీ ఇష్టమన్నాను. అక్కర్లేదన్నారు.

ఇంకొకటి అడిగారు. గ్రౌండ్‌లో పని చేసినవాళ్ళ పేర్లు చివర ఒక వరుసలో ఉన్నాయి. నాన్న పేరు అందులో లేదు, ఆ వాక్యంలో ఉంది కదా అని వదిలేశారట. ఇప్పుడు చేర్చారు. "పక్కన ఏదైనా మంచి మాట రాయించనా? నిజాయితీపరుడు అని?"

వద్దన్నాను. మిగతావాళ్ళకి ఏముంటే ఆయనకీ అదే.

తనిఖీ పని గురించి బాధపడ్డాను. కడుపునిండా తిన్నావని రాశావు కాబట్టి తేలికపడ్డాను. మొదటి మ్యాచికి రాగలవా?

అక్క.


కోజికోడ్,
1 నవంబరు.

అక్కకు,

రాలేను. అదే రోజు ఇక్కడా మ్యాచి. నేను లేకపోతే గీతలెవరు కొలుస్తారు, మూడుసార్లు.

నువ్వు వెళ్ళు. బావని తీసుకుని వెళ్ళు. ఆట చూడనక్కర్లేదు, నీకెలాగూ అర్థం కాదు. గోడ దగ్గర నిలబడి, జనం నాన్న పేరు చదివితే వాళ్ళ మొహాలెలా ఉన్నాయో చూసి నాకు రాయి. అదొక్కటే కావాలి నాకు.

ఐజాక్.


గోపాలపట్నం,
23 నవంబరు, ఆదివారం.

ఐజాక్‌కు,

నిన్న వెళ్ళాను. ఆట మొదలవడానికి గంట ముందు. మీ బావ లోపల కుర్చీ చూసుకుని, "నీకూ ఓటి పట్టి ఉంచుతాను, నెమ్మదిగా రా" అన్నారు. నేను గోడ దగ్గర నిలబడ్డాను.

చాలామంది వచ్చారు. ఆ నీలం కుర్చీలన్నీ నిండాయని తరవాత చెప్పారు. ఆ దారిలో అందరూ చదువుకుంటూ వెళ్ళారు. బాడవ పూడ్చిన ఫొటో దగ్గర ఆగారు. రేవు గాలి గురించి ఒకాయన పక్కవాడికి చేత్తో బంతి వంపు తిప్పి చూపించాడు. తాడు వాక్యం దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు ఆగి, "తాడుతో కొలిసీవోళ్ళేట్రా" అని నవ్వుకుని వెళ్ళారు. చెడ్డ నవ్వు కాదు.

చివర పేర్ల వరుస. గ్యాలరీ రాళ్ళు పేర్చినవాళ్ళు, గేటు కాసినవాళ్ళు, దీపాలు వేసినవాళ్ళు. ముప్పై ఒక్క పేర్లు. పదకొండోది ఇలా ఉంది.

దేవకుమార్, గ్రౌండ్‌మన్, 1971–1996.

జనం మొహాలు ఎలా ఉన్నాయో రాయమన్నావు. నలభై నిమిషాలు చూశాను. ఒకాయన, నా వయసే ఉంటుంది, కళ్ళజోడు పెట్టుకుని తన తండ్రి పేరు వెతుక్కుంటున్నాడు. ఒక్కో పేరు మీద వేలు పెట్టి పైకే చదువుతున్నాడు. తవిటయ్య. నూకాలు. దేవకుమార్. దుర్గారావు. నాన్న పేరు దగ్గర ఆయన గొంతు మారలేదు. వేలు ఆగలేదు. ఆగడానికి అక్కడేమీ లేదు.

నేను లోపలికి వెళ్ళి మీ బావ పక్కన కూర్చున్నాను.

అక్క,
ప్రేమలీల.